'పోస్టు': ఒక చిన్న మాట పూర్వోత్తరములు

అమరకోశము వల్లించిన పెద్దలకు దాని తృతీయకాండమున నానార్థవర్గమని ఒక భాగము కలదని తెలియును. ఒక్కొక్క శబ్దమునకు గల పెక్కు అర్థములను అమరసింహుడు అచ్చట వరుసగా కూర్చినాడు. 'హరి' యనగా విష్ణువు మాత్రమే కాదు. యముడు, వాయువు, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, సింహము, కిరణము, గుఱ్ఱము, చిలుక, పాము, కోతి, కప్ప, ఇవి అన్నియు హరులే. ఇట్టి శబ్దసంపదను ఆధారముగా చేసికొనియే పదునాఱవ శతాబ్దమున పింగళి సూరనార్యుడు ఒకే పద్యము రామకథకును భారతకథకును చెల్లునట్లు రాఘవపాండవీయమును రచించినాడు. కావున ఒక మాటకు పది అర్థములుండుట మనవారికి వింత కాదు.

ఇంగ్లీషు భాషయందును ఇట్టి మాటలు మెండు. చిత్రమేమనగా, ఆ భాషలో పొడవైన మాటలకు అర్థములు తక్కువ, పొట్టి మాటలకు ఎక్కువ. 1928లో పూర్తియైన ఆక్సుఫర్డు మహానిఘంటువునందు అన్నిటికంటె ఎక్కువ చోటు ఆక్రమించిన మాట 'సెట్'. ఇటీవలి సంస్కరణమునందు 2011 నాటికి 'రన్' అను క్రియ దానిని మించినది. ఆ ఒక్క క్రియకే 645 అర్థములు లెక్కించిరి. అంత పెద్ద మాటల జోలికి పోక, ఇంగ్లీషు అక్షరములు రానివారు సైతము దినమునకు నాలుగు పర్యాయములు పలుకు ఒక చిన్న మాటను ఎంచుకొందును. అది 'పోస్టు'.

చదువరులు ఒక్కసారి తలచి చూడుడు. పోస్టుకార్డు అందుమా, అది ఉత్తరము. లాంపుపోస్టు, గోలుపోస్టు అందుమా, అవి స్తంభములు. టీచరు పోస్టు అందుమా, అది ఉద్యోగము. చెక్కుపోస్టు అందుమా, అది కావలి స్థలము. పోస్టుమార్టము అందుమా, అది మరణానంతరము జరుగు శవపరీక్ష. లెక్కలు వ్రాయువారు చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించుటను పోస్టింగు అందురు. నేటి పిల్లలు సెల్‌ఫోనులో నలుగురు చూచునట్లు వ్రాసి పెట్టునదియు పోస్టే. ఉత్తరమునకు స్తంభముతో ఏమి చుట్టరికము? శవపరీక్షకు ఉపాధ్యాయుని ఉద్యోగముతో ఏమి సంబంధము? ఇది యంతయు ఒకే మాటయేనా?

కాదు. నిఘంటుకారులు ఈ మాటను పరిశీలించి, ఇందు వేర్వేరు పుట్టుకలు గల మాటలు ఒకే రూపము ధరించి కలిసి ఉన్నవని తేల్చిరి. ఒకే ఇంటిపేరు గలవారందఱు ఒకే వంశమువారు కానట్లే ఇదియును. ఆ వంశములను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది స్తంభము. లాటిను భాషయందు 'పోస్టిస్' అనగా ద్వారబంధపు నిలువుకమ్మి. ఈ మాట వేయి సంవత్సరములకు పూర్వమే ప్రాచీనాంగ్ల భాషలో ప్రవేశించి, నిలువుగా పాతిన కొయ్యకు పేరైనది. తరువాత ఆ కొయ్యకు రెండు పనులు తగిలినవి. ఒకటి, వీధిలోని స్తంభములకు ప్రకటనలు అంటించుట. షేక్స్పియరు కాలమున లండను నగరములో నాటకముల ప్రకటన పత్రములను స్తంభములకే అతికించెడివారు. అందువలన ప్రకటనను అంటించుట 'పోస్టు చేయుట' యైనది. అంటించిన కాగితము కాలక్రమమున 'పోస్టరు' అయినది. మన ఊళ్ల గోడలమీది సినిమా పోస్టరు ఆ స్తంభపు వంశములోనిదే. రెండవది, సారాయి అంగళ్లలో ఎవరు ఎంత బాకీయో తలుపు దగ్గరి స్తంభముమీద గీతలు గీయుట. కాగితము ప్రియమైన దినములలో ఆ స్తంభమే అంగడివాని ఖాతా పుస్తకము. మన పల్లెలలో పాలు పోయువారు గోడమీద సున్నపు చుక్కలు పెట్టిన లెక్క యెఱిగిన వారికి ఇది విడమరచి చెప్పనక్కఱలేదు.

రెండవది తపాలా. ఇది స్తంభపు మాట కాదు. లాటినులో 'పోనెరె' యనగా ఉంచుట, నిలుపుట. 'పోసిటుమ్' అనగా ఉంచబడినది, నిలుపబడినది. దానినుండి ఇటలీ భాషలో 'పోస్తా' అను మాట పుట్టినది. దూరదేశమునకు వార్త పంపవలసినపుడు ఒకే గుఱ్ఱము ఒకే రౌతు అంత దూరము పోజాలరు. అందుచేత దారి పొడవున నిర్ణీతమైన దూరములలో గుఱ్ఱములను, మనుష్యులను నిలిపి ఉంచెడివారు. అట్లు నిలిపిన చోటు పోస్టు. తరువాత ఆ చోట నిలిచిన వార్తాహరుడు పోస్టు. తరువాత అతడు మోయు సంచి పోస్టు. తుదకు సంచిలోని ఉత్తరము పోస్టు. చోటునుండి మనిషికి, మనిషినుండి మూటకు, మూటనుండి కాగితమునకు, అర్థము తానే అంచెలంచెలుగా ప్రయాణము చేసినది.

ఇచ్చట తెలుగువారు సంతోషింపదగిన సంగతి యొకటి కలదు. 'అంచెలంచెలుగా' అని ఇప్పుడే నేను వ్రాసిన మాటయే చూడుడు. అంచె యనగా మన భాషలో ప్రయాణమార్గమున మనుష్యులను, గుఱ్ఱములను మార్చుకొను మజిలీ. పల్లకి మోయుటకు దారిలో మారువారు అంచె బోయీలు. ఈ మాటయే ఇరుగు పొరుగు భాషలలో తపాలాకు పేరైనది. మైసూరు సంస్థానపు తపాలా వ్యవస్థకు 'అంచె' యనియే పేరు. పదునేడవ శతాబ్దమున చిక్క దేవరాజ ఒడెయరు కాలమున ఏర్పడిన ఆ అంచె 1889లో బ్రిటిషు ఇండియా తపాలాలో కలిసిపోయినది. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానములలో దానిని 'అంచల్' అనిరి. అది 1951లో భారత తపాలా శాఖలో విలీనమైనది. ఉత్తరదేశపు 'డాక్' అను మాటకును అంచెలుగా నిలిపిన మనుష్యుల చేతను గుఱ్ఱముల చేతను సాగు చేరవేత యనియే మూలార్థము. బాటసారులు దిగు డాక్ బంగళాకు ఆ పేరు అందువలననే వచ్చినది. మనము టపా యనుచున్నదానికి మజిలీ యను అర్థము గల 'టప్పా'తో సంబంధము కలదని నిఘంటుకారులు తలచిరి. చూచితిరా! ఇటలీ వాడు ఏ దారిన ఉత్తరమునకు పేరు పెట్టెనో, మనవారును ఆ దారిననే పెట్టిరి. ఒకరిని చూచి ఒకరు నేర్చినది కాదు. పని ఒకటే కనుక ఆలోచనయు ఒకటే యైనది.

ఈ అంచెల పని మన దేశమునందు ఎంత ప్రాచీనమో 1333 ప్రాంతమున సింధుదేశమునకు వచ్చిన ఇబన్ బటూటా వ్రాసియుంచినాడు. ఢిల్లీ సుల్తాను కాలమున గుఱ్ఱపు అంచె నాలుగు మైళ్ల కొకటి. కాలినడక అంచె మైలునకు మూడు. పరుగెత్తువాని ఒక చేత ఉత్తరము, ఒక చేత గంటలు కట్టిన కఱ్ఱ. గంటల చప్పుడు వినగానే ముందరి అంచెలోనివాడు నడుము కట్టి సిద్ధముగా నిలిచెడివాడు. కాలి అంచె గుఱ్ఱపు అంచెకంటె వేగమైనదనియు, నలుబది దినముల ప్రయాణ దూరముననున్న దౌలతాబాదునకు సుల్తాను త్రాగుటకు గంగాజలము ఈ విధముగనే చేరెడిదనియు ఆయన వ్రాసెను. కుంపిణీవారి కాలమునందును గంటలు కట్టిన ఈటెతో అడవిదారుల పరుగెత్తిన టపావాడు ఆ వంశమువాడే.

అయితే ఒక భేదము మఱువరాదు. ఆ నాటి అంచెలు రాజులవి. సామాన్యునికి అందులో స్థానము లేదు. ఇంగ్లండులో 1635లో మొదటి చార్లెసు రాజు తన తపాలాను ప్రజలకు తెఱచినాడు. మన దేశమున క్లైవు 1766లో కుంపిణీ అవసరములకు ఏర్పఱచిన టపాను వారన్ హేస్టింగ్సు 1774లో ప్రజలకు తెఱచినాడు. నూఱు మైళ్లకు 2 అణాలు రుసుము. 1786లో మదరాసులో పెద్ద తపాలా కార్యాలయము వెలసినది. దూరమునుబట్టి రుసుము పెరుగుచుండుటచేత అది ధనికుల సౌకర్యముగనే ఉండెను. ఇంగ్లండులో రోలండు హిల్లు ప్రోద్బలమున 1840లో దూరముతో నిమిత్తము లేని ఒక పెన్నీ రుసుము వచ్చినది. ఇచ్చట 1854లో పావు తులము బరువు మించని ఉత్తరమునకు దేశమంతటను అర్ధణా రుసుము ఏర్పడినది. 1879లో కాలణా కార్డు, 1880లో మనియార్డరు, 1882లో తపాలా సేవింగ్సు బ్యాంకు వచ్చినవి. రాజు నిలిపిన గుఱ్ఱము పేదవాని గుమ్మము వరకు వచ్చినది ఈ విధముగా. 1947 నాటికి దేశమున 23,344 తపాలా కార్యాలయములుండగా వానిలో 19,184 గ్రామములలోనివి. నేడు 1,60,000కు మించినవి ఉండగా సుమారు పదింట తొమ్మిది గ్రామములందే ఉన్నవి.

లెక్కల పుస్తకపు పోస్టింగు ఈ తపాలా వంశములోనిదే. చిట్టా యనగా ఏ దినపు పద్దు ఆ దినము వ్రాయునది. ఆవర్జా యనగా ఎవరి ఖాతా వారికి విడదీయునది. ఒక పుస్తకములోని పద్దును మఱియొక పుస్తకమునకు మోసికొని పోవుట ఉత్తరమును మోయుట వంటిదని ఇంగ్లీషు వర్తకులు పదునేడవ శతాబ్దమున దానికి ఈ పేరు పెట్టిరి. మోసినవాడు దారిలో మూట పోగొట్టరాదు. పద్దు ఎక్కించువాడు అంకె మార్చరాదు. ఈ వృత్తిలో జీవించు నాకు ఈ పోలిక మిక్కిలి న్యాయముగా తోచినది.

మూడవది ఉద్యోగము. ఇదియును పోసిటుమ్ సంతానమే గాని వేఱొక దారిన వచ్చినది. సైనికుని కావలి నిలిపిన చోటును ఇటలీలో 'పోస్తో' అనిరి. పదునాఱవ శతాబ్దము చివర అది ఇంగ్లీషున చేరినది. సిపాయి తన పోస్టు విడువరాదు అనుచోట దాని అసలు అర్థము. చెక్కుపోస్టు, పోలీసు అవుటుపోస్టు అనుచోట నేటికిని ఆ అర్థము చెడలేదు. పదునేడవ శతాబ్దము ముగియు నాటికి సిపాయి చోటు గుమాస్తా చోటు కూడ నైనది. మనవారు 'స్థానము' అను మాటను ఉద్యోగమునకు వాడుట వంటిదే ఇది.

నాలుగవది అన్నిటికంటె వేఱు. లాటినులో 'పోస్ట్' అనగా 'తరువాత'. మార్టెమ్ అనగా మరణము. కావున పోస్టుమార్టము మరణానంతరము. రైళ్ల వేళలు తెలుపు పట్టికలో పి.ఎం. అని చూచుచున్నాము గదా, అందలి 'పి' ఈ పోస్టే. మధ్యాహ్నము తరువాత అని దాని భావము. పట్టము పుచ్చుకొనిన తరువాతి చదువు పోస్టుగ్రాడ్యుయేటు చదువు. కోర్టు వ్యవహారము పోస్టుపోన్ అయినదందురు. అందు ముందరి 'పోస్టు'కు తరువాత అనియు, వెనుకటి 'పోన్'కు ఉంచుట అనియు అర్థము. నాలుగవ వంశమువారును రెండవ వంశమువారును వియ్యమందిన మాట యది.

మాట ప్రసక్తి వచ్చినది కనుక పోసిటుమ్ యొక్క ఇతర సంతానమును కూడ చెప్పెదను. బ్యాంకులో మనము వేయు డిపాజిట్టు దానినుండి పుట్టినదే. ఆర్టీసీ బస్సులు రాత్రి నిలుచు డిపో డిపాజిట్టునకు ఫ్రెంచి రూపము. చెత్త, పేడ కలిపి గుంటలో వేయు కంపోస్టు ఎరువు 'కూర్చి ఉంచబడినది'. పెంటగుంట మొదలు బ్యాంకు వరకు ఒకే ధాతువు పని చేయుచున్నది. ధాతువు తెలిసినచో పది మాటలు ఒక్కసారి వశమగునని మన వైయాకరణులు చెప్పినది అన్ని భాషలకును చెల్లును.

ఇన్ని అర్థములున్న మాట శ్లేషకు చిక్కక యుండునా? సుమారు 1594 నాటిదైన 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' అను నాటకమున షేక్స్పియరు ఒక సేవకుని చేత హాస్యమాడించినాడు. తాను పోస్టు వలె వేగముగా వచ్చితిననియు, తిరిగి ఒంటరిగా పోయినచో యజమానురాలు భర్త తప్పు లెక్కను తన నెత్తిమీద గీయును గనుక నిజముగనే పోస్టు నగుదుననియు వాని భావము. మొదటిది తపాలా, రెండవది బాకీలు గీయు స్తంభము. మన సూరనార్యునకు ఈ మాట దొరకి యుండినచో ఏమి చేసియుండెడివాడో!

కవికి శ్లేష అలంకారము. గృహస్థునకు మాత్రము అది చిక్కు. పట్టణమున నున్న కుమారుడు 'పోస్టు పోయింది' అని చెప్పి పంపినచో తండ్రి ఏమనుకొనవలెను? టపా బయలుదేరి పోయినదనియా? ఉద్యోగము పోయినదనియా? 'పోస్టు ఎత్తివేసినారు' అన్నచో పెట్టెలోని ఉత్తరములు తీసిరనియా, వీధి స్తంభము పెఱికిరనియా, కొలువు రద్దు చేసిరనియా? మన శాస్త్రములలో దీనికి 'సైంధవమును తెమ్ము' అనునది ప్రసిద్ధమైన ఉదాహరణము. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱము కూడ. భోజనము చేయుచు అడిగినచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమై అడిగినచో గుఱ్ఱమును తేవలెను. అర్థమును నిర్ణయించు సాధనములను భర్తృహరి వాక్యపదీయమున వరుసగా పేర్కొని, వానిలో ప్రకరణమును, సాహచర్యమును చేర్చినాడు. రాముడు లక్ష్మణునితో కూడి వచ్చినచో దశరథ పుత్రుడే గాని పరశురాముడు కాడు. అట్లే పోస్టు కార్డుతో వచ్చినచో ఉత్తరము, జీతముతో వచ్చినచో ఉద్యోగము, మార్టముతో వచ్చినచో మరణానంతరము.

ఈ అర్థభేదముమీద వేలకొలది కుటుంబముల జీవనము ఆధారపడిన సందర్భమొకటి మన యెఱుకలోనే జరిగినది. 1984 జనవరిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మునసబు, కరణము మొదలైన గ్రామాధికారుల పోస్టులను ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసినది. ఉద్యోగిని తొలగించుటకు ముందు విచారణ జరుపవలెనని రాజ్యాంగము 311వ అధికరణమునందు రక్షణ కల్పించినది. అయితే ఇచ్చట తొలగించినది మనిషినా, చోటునా? ఇదియే వివాదము. చోటును తీసివేయు అధికారము ప్రభుత్వమునకు కలదనియు, చోటు పోయినందువలన అందున్నవాని కొలువు పోవుట శిక్షగా తొలగించుట కాదనియు సుప్రీంకోర్టు 1982లో తమిళనాడు గ్రామాధికారుల వ్యవహారమున తేల్చి, 1985లో మన రాష్ట్రపు ఆర్డినెన్సును కూడ సమర్థించినది. ఆ చర్య మంచిచెడ్డలు ఈ వ్యాసమునకు విషయము కావు. నేను చెప్పదలచినది ఒక్కటే. పోస్టు అనగా 'నేను' అని తలచినవాడు ఆ తీర్పును గ్రహింపజాలడు. పోస్టు అనగా 'నన్ను నిలిపిన చోటు' అని ఎఱిగినవాడు గ్రహించును. రెండు వేల సంవత్సరముల నాటి లాటిను ధాత్వర్థము ఆనాడు మన చావడి అరుగుమీదికి వచ్చి కూర్చున్నది.

ఇక సెల్‌ఫోను పోస్టు సంగతి. 1978లో అమెరికాలో చికాగో నగరమున కంప్యూటరు ద్వారా టెలిఫోను తీగలపై నలుగురు చదువుకొను ప్రకటన ఫలకము నొకదానిని నెలకొల్పిరి. అట్టి ఫలకములపై వ్రాసి పెట్టుటకు స్తంభమునకు ప్రకటన అంటించిన నాటి మాటయే వాడుకలోనికి వచ్చినది. అన్నిటికంటె క్రొత్త అర్థము అన్నిటికంటె ప్రాతదైన కొయ్యస్తంభమునుండి పుట్టినదన్న మాట! మన తెలుగువారు కంప్యూటరులో వ్రాయనారంభించిన క్రొత్తలో, అనగా ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున, అట్టి వ్రాతకు 'టపా' యని పేరిడిరి. స్తంభము వంశపు అర్థమునకు తపాలా వంశపు పేరు తగిలినది. శాస్త్రము చూచిన పొసగదు. వాడుక చూచిన స్థిరపడినది. భాష ఇట్లే నడచును. స్తంభముపై ప్రకటనకును సంచిలోని ఉత్తరమునకును భేదము మాత్రము మఱువరాదు. ఉత్తరము ఒక్కరికి; స్తంభముపై వ్రాత ఊరందఱికి. ఒక్కరికి చెప్పదగిన మాటను ఊరి స్తంభమునకు అంటించినందువలన తెగిన చుట్టరికములు ఇటీవల ఎన్ని వినుచున్నాము! యువకులు ఫోనుపై వ్రేలు నొక్కుటకు ముందు, ఇది ఏ పోస్టు అని ఒక్క క్షణము తలచినచో మేలు.

అంచెలనాటి సాధనములు ఒక్కొక్కటిగా తొలగిపోవుచున్నవి. 2013 జూలైలో టెలిగ్రాము ముగిసినది. 2025 సెప్టెంబరు 1 నుండి రిజిస్టర్డు పోస్టు స్పీడుపోస్టులో కలిసిపోయినది. వస్తువు పోయినను మాట మిగులును. మాటలో దాని చరిత్ర మిగులును. ఆ చరిత్రను విప్పి చూపు సాధనము నిఘంటువు. మన గ్రంథాలయమున కథల పుస్తకములు నలిగినంతగా నిఘంటువులు నలుగుట లేదు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి ఆ పుటలు కూడ నలిగియుండుగాక యని కోరుచున్నాను. గ్రంథాలయము సైతము ఒక అంచెయే. వెనుకటివారు తెచ్చిన మూటను అందుకొని, గంటల చప్పుడు వినుచు ముందు నిలిచినవారికి చెడకుండ అందించుట మన వంతు.